చెయ్యి చిన్నదా, వస్తువు పెద్దదా?

"కాస్త సర్దుకోండి" అన్న మాట వినకుండా మనకు ఏ రోజైనా గడుస్తుందంటారా? బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగో ఆవిడ వచ్చి అంటుంది. పెళ్ళివారి విడిదిలో, రైలు పెట్టెలో, ఆస్పత్రి బల్ల మీద ఎవరో ఒకరు అంటూనే వుంటారు. కాపురానికి బయలుదేరేటప్పుడు కన్నతల్లి కళ్ళొత్తుకుంటూ చెప్పేదీ అదే. సర్దుకోవడం మంచి గుణం కాదని నేననను. నలుగురున్న ఇంట్లో తలా ఓ పిసరు ఒదిగితేనే సంసారం సాగుతుంది. కానీ మనిషికీ మనిషికీ మధ్య వుండవలసిన ఆ గుణాన్ని మనం వస్తువులకు కూడా ధారపోస్తున్నామే, అదే నాకు మింగుడు పడదు.

మా వంటింటి గట్టునే తీసుకోండి. అది కట్టిన మేస్త్రి ఆరడుగుల మనిషి. ఆ గట్టు ముందు నిలబడి జన్మలో ఒక్క అట్టయినా తిరగేసి వుండడు. "ఇంతెత్తు ఎందుకయ్యా?" అంటే, "అందరిళ్ళల్లోనూ ఇంతేనమ్మా, స్టాండర్డు" అన్నాడు. ఆ స్టాండర్డు మనిషి ఎవరో నాకింతవరకూ ఎదురుపడలేదు. ఎదురుపడితే రెండు మాటలు అడగాలని వుంది. పదహారేళ్ళుగా నేను పీట వేసుకుని దానిమీద నిలబడి పప్పు మెదుపుతున్నాను. చూసినవాళ్ళు "మీరు పొట్టిగా వున్నారు" అంటారే గానీ, గట్టు పొడుగ్గా వుందని ఒక్కరూ అనరు.

చేతికీ వస్తువుకీ పొంతన కుదరనప్పుడు తప్పు ఎవరిది? ఎవరు మారాలి? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను తొలుస్తూనే వుంది. కానీ దానికొక దారీ తెన్నూ కనిపించింది వంటింట్లో కాదు. చెబితే నవ్వుతారు, పిల్లలు వీడియో గేములు ఆడుకునే కంట్రోలర్లను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తున్నప్పుడు. ఆ గోల మాకెందుకని పేజీ తిప్పకండి. కంట్రోలరంటే పెద్ద విషయమేమీ కాదు. రెండు చేతుల్లో ఇమిడే ప్లాస్టిక్కు వస్తువు, మీద కొన్ని బొత్తాలు. బొటనవేళ్ళతో అవి నొక్కితే టీవీలో బొమ్మ పరుగెడుతుంది, గెంతుతుంది. అంతే. కానీ మనిషి చేతికి సరిపడే వస్తువు చెయ్యడం కోసం దాదాపు అర్ధ శతాబ్దంగా ఇంతమంది ఇంతింత డబ్బు పోసి తంటాలు పడిన వస్తువు మరొకటి మన ఇళ్ళల్లో కనపడదు. మన అట్లకాడకు ఆ భాగ్యం పట్టలేదు.

మా అక్క కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళి మాటెత్తితే "అప్పుడేనా పిన్నీ" అంటాడు గానీ, పాత వీడియో గేములు పోగు చెయ్యడంలో మాత్రం వాడికి అప్పుడూ ఇప్పుడూ అని లేదు. జీతంలో ఎంత వాటికి తగలేస్తాడో మా అక్క నోట వినవలసిందే. వాడి గదిలో గోడ పొడుగునా మెట్లు మెట్లుగా అరలు కట్టించి కంట్రోలర్లు వరసగా పేర్చాడు. చూడగానే నాకు బొమ్మల కొలువు గుర్తొచ్చింది. పోయిన దసరా సెలవులకి నేనూ, పన్నెండేళ్ళ మా అమ్మాయీ వెళితే, వాడు మహా సంబరంగా ఒక్కొక్కటీ దించి మా చేతుల్లో పెట్టాడు.

పై మెట్టు మీద వున్నది 1977 నాటి అమెరికా ఆటారీ వారి జాయ్‌స్టిక్కు. నల్లని చదరపు పెట్టె, మధ్యలో రోట్లో రోకలిలా నిలబడ్డ కర్ర, ఎడంవైపు పై మూల ఒకే ఒక్క ఎర్ర బొత్తం. కుడిచేత్తో కర్ర తిప్పాలి, ఎడమ బొటనవేలితో బొత్తం నొక్కాలి. కర్ర బిరుసుగా వుంది. కాసేపు తిప్పేసరికి అరచెయ్యి మంటెక్కింది గానీ, అమ్మ పక్కన కూర్చుని పిండి రుబ్బిన చెయ్యి కాబట్టి కిమ్మనకుండా వూరుకుంది.

తరువాత జపానువాళ్ళు ఈ వ్యవహారాన్నే తిరగేశారు. నింటెండో కంపెనీలో గుంపే యోకోయి అనే ఆయన 1982లో చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఆటకోసం కర్ర తీసేసి, దాని చోట చదునుగా కూడిక గుర్తు లాంటి బొత్తం పెట్టాడు. మరుసటి ఏడు వాళ్ళ ఫామికామ్ యంత్రంలోనూ అదే వచ్చింది. ఆ గుర్తు ఎడమ బొటనవేలి కిందికి, మిగిలిన బొత్తాలు కుడి బొటనవేలి కిందికి. అంటే బొమ్మకు దారి చూపే పని ఎడం చేతికి పడిందన్నమాట. మనమేమో ఎడంచేత్తో ఇవ్వకు, ఎడంచేత్తో పుచ్చుకోకు అంటూ పుర్రచేతి పిల్లల్ని సాధించుకు తింటాం. అక్కడ కుడిచేతి వాటం పిల్లలందరూ ఎడమ బొటనవేలితో దారి నడపడం ఇట్టే నేర్చేసుకున్నారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలూ అలాగే ఆడుతున్నారు. చెయ్యికి నేర్పితే నేర్చుకోనిది లేదు. "అలవాటైపోతుందిలే" అనేవాళ్ళ మాటలో నిజం వుందని ఇక్కడ నేను ఒప్పుకోక తప్పదు. వాళ్ళు చెప్పనిదల్లా ఒక్కటే, ఎవరికి అలవాటు కావాలి, ఎవరి సౌకర్యం కోసం అని.

ఆ ఫామికామ్‌కి నకళ్ళు మనదేశంలోకి బోలెడు వచ్చాయి. తొంభైలలో చిన్నతనం గడిపినవారికి చెప్పనక్కర్లేదు, టీవీ కింద పెట్టె, అందులో గుచ్చే కాసెట్టు, పని చెయ్యకపోతే కాసెట్టు తీసి ఉఫ్ఫుమని వూదడం. మా ఇంట్లో కూడా ఒకటుండేది. నాన్నగారు అన్నయ్య పరీక్ష ప్యాసయ్యాడని కొన్నారు. (నేనూ ప్యాసయ్యాను. అది వేరే కథ.) దానికి రెండు కంట్రోలర్లు. మొదటిది అన్నయ్యది, రెండోది నాది. ఇందులో వాదోపవాదాలేమీ జరగలేదు. రైల్లో కిటికీ సీటు ఎవరిదో ఎవరూ చెప్పకుండానే ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే తెలిసింది. నా రెండో కంట్రోలరుకి స్టార్టు బొత్తం లేదు. ఆట మొదలుపెట్టడమూ, మధ్యలో ఆపడమూ నా చేతిలో లేదు. అన్నయ్యకు దాహమైతే ఆట ఆగేది. నన్ను అమ్మ పిలిస్తే ఆగేది కాదు. మారియో ఆటలో ఇంకా చోద్యం, మొదటివాడు చస్తే గానీ రెండోవాడికి ఆడే వంతు రాదు. నేను పక్కన కూర్చుని మా అన్నయ్య చావు కోసం ఎదురు చూసేదాన్ని!

నాది నకలు కాబట్టి అలా ఏడ్చింది, అసలుది బాగుండి వుంటుందని ఇన్నేళ్ళూ అనుకునేదాన్ని. కాదట. మావాడు అసలు జపాను యంత్రం తీసి చూపించాడు. 1983లోనే రెండో ఆటగాడి కంట్రోలరుకి స్టార్టు, సెలెక్టు బొత్తాలు పెట్టలేదు. వాటి చోట ఏం పెట్టారనుకున్నారు? చిన్న మైకు. కావలిస్తే మాట్లాడుకో, మొదలు మాత్రం పెట్టకు అన్నట్టు! నేను నవ్విన నవ్వుకి మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చెబితే అదీ నవ్వింది. మావాడికి మాత్రం మేమెందుకు నవ్వుతున్నామో చాలాసేపు బోధపడలేదు.

కింది మెట్టుమీద, 1996లో అదే నింటెండో వారు తెచ్చిన యంత్రం తాలూకు కంట్రోలరు చూసి మా అమ్మాయి "ఇదేంటమ్మా, మూడు కాళ్ళ ముక్కాలిపీట" అంది. నిజమే. రెండు చేతుల మనిషికి మూడు పిడులు. ఒక్కో ఆటకు ఒక్కో రకంగా పట్టుకోవాలట. మధ్య పిడి మీద చిన్న పుల్లలాంటి కర్ర. దానితో ఒక చరిత్రే జరిగింది. 1998 చివర జపానులో, 1999లో అమెరికాలో మారియో పార్టీ అనే ఆట వచ్చింది. అందులో కొన్ని పోటీల్లో ఆ పుల్లను ఎంత వేగంగా గిరగిరా తిప్పితే అంత గెలుపు. బొటనవేలికి అంత వేగం రాదు గనక పిల్లలు దాని కొసమీద అరచెయ్యి ఆనించి తిప్పేవారు. అరచేతులు బొబ్బలెక్కాయి, కొందరికి చర్మం లేచిపోయింది. తల్లిదండ్రుల ఫిర్యాదులతో న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్ కలగజేసుకుంటే, 2000లో కంపెనీ రాజీకొచ్చి, ఆ ఆట ఆడే పిల్లలకు చేతి తొడుగులు ఉచితంగా ఇస్తామంది.

ఈ తొడుగుల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పిడి లేని గిన్నె అమ్మి, మసిగుడ్డ ఉచితం అన్నట్టు లేదూ? వస్తువు వస్తువులాగే వుంటుంది, చెయ్యే మారాలి. పైగా ఇచ్చినవారికి దయగలవారన్న పేరు. అలాగని కంపెనీని ఆడిపోసుకోవడమూ సుళువే. అంతలా తిప్పమని పుల్లేమీ నోరు తెరిచి అడగలేదు, పిల్లలే గెలవాలన్న కసితో తిప్పారు అని ఎవరైనా అంటే? నా మటుకు నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. గెలవాలంటే ఇలా చెయ్యాలి అని పందెం పెట్టినవాళ్ళే, ఇలా చేశావేం అని అడగకూడదు. కోడలు తెల్లవారుజామున లేచి అందరికీ అన్నీ అమర్చిపెట్టాలని ఇంటిల్లిపాదీ ఎదురుచూసి, నడుం పట్టేశాక "ఎవరు చెయ్యమన్నారమ్మా నిన్ను?" అంటారే, ఆ బాపతే ఇదీను.

నొప్పి మాట వచ్చింది గనక ఇంకొకటి. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర, గిన్నె ఎత్తబోతే కలుక్కుమనే నొప్పికి డాక్టర్లు డీ కెర్వాన్ అని పేరు పెట్టారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. పసిపిల్లల్ని చంకల కింద చేతులేసి పదేపదే ఎత్తుకునే తల్లులకు మరీనూ. గేములు అదేపనిగా ఆడేవాళ్ళకూ ఆ చోటే నొప్పి రావచ్చు. బాలింతదీ, రాత్రంతా ఆడిన కుర్రాడిదీ ఒకటే నొప్పి! కుర్రాడి మణికట్టు కోసం ఇంజనీర్లు వున్నారు. బాలింతకు కాపడం పెట్టుకోమని చెప్పేవాళ్ళున్నారు.

సోనీవారి ప్లేస్టేషన్ దగ్గరికి వద్దాం. 1994లో జపానులో మొదట వచ్చినప్పుడు దాని కంట్రోలరుకి కర్రలు లేవు. ఎడమ బొటనవేలు సహజంగా వాలే చోట కూడిక గుర్తు బొత్తాలున్నాయి. 1997లో రెండు చిన్న కర్రలు చేర్చవలసి వస్తే, మంచి చోటు అప్పటికే నిండిపోయింది గనక వాటిని కింద మధ్యలో పెట్టారు. తరువాత తరువాత ఆటలన్నీ కర్రలతోనే ఆడే రోజులొచ్చాయి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టే అయింది. అయినా కొమ్ములు ఇప్పటికీ కిందనే వున్నాయి. బొటనవేళ్ళు కొంచెం లోపలికి వంచితే గానీ అందవు. మైక్రోసాఫ్టువాళ్ళ ఎక్స్‌బాక్సులో ఎడమ కర్రను పైకి, వేలు వాలే చోటికే జరిపారు. నా చేతికి అదే హాయిగా వుంది. మావాడు మాత్రం ప్లేస్టేషనే నయమంటాడు. చిన్నప్పట్నించీ దాంతోనే పెరిగాడు మరి. అమ్మ చేతి పులుసు ఎవరికి చేదు?

ఆ సోనీ బొత్తాల మీద అక్షరాలుండవు, గుర్తులుంటాయి. వాటిని పెట్టిన డిజైనరు తెయియు గోతో ఒక్కోదానికీ ఒక్కో అర్థం చెప్పాడు. త్రిభుజమంటే చూపు, చదరమంటే కాగితం, సున్నా అంటే అవును, ఇంటూ అంటే కాదు. జపాను బళ్ళల్లో సరైన జవాబుకి సున్నా చుడతారు, తప్పుకి ఇంటూ కొడతారు. మన బడిలో సున్నా వస్తే ఏమవుతుందో మనకు తెలుసు! అందుకని మా అమ్మాయికి రెండూ తప్పుగానే తోచాయి. అమెరికా, ఐరోపా ఆటల్లో ఎక్కువగా ఇంటూనే "సరే" అయింది. ఒకే వస్తువు, ఒకే గుర్తు, ఒక దేశంలో అవును, ఒక దేశంలో కాదు. చివరికి 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు లోకమంతటా ఒకటే పద్ధతి వుండాలని జపానులో కూడా ఇంటూనే "సరే" చేసేశారు. ఇరవయ్యారేళ్ళు "కాదు" అన్న గుర్తు ఒక రోజు నుంచి "అవును"! అదీ ఆ వస్తువు పుట్టిన ఇంట్లోనే. జపాను ఆటగాళ్ళు కొందరు బాధపడ్డారు. బాధపడక ఏం చేస్తారు? పుట్టింట్లో భాష మారిపోయినట్టుంటుంది. ఒక్కటిగా వుండడమూ మంచిదే, ఎవరి వాడుక వారికి వుండడమూ మంచిదే. రెండు మంచిలు ఎదురెదురు పడ్డప్పుడు బలమున్నచోటి మంచే నెగ్గడం మనం చూడనిదా!

ఇక ఆ కొలువులో అన్నిటికన్నా భారీ శాల్తీ గురించి చెప్పాలి. 2001లో అమెరికాలో మొదటి ఎక్స్‌బాక్సుతో వచ్చిన కంట్రోలరు. దాని ముద్దుపేరు డ్యూక్. అరిశల పళ్ళెమంత వుందంటే అతిశయోక్తే గానీ, మరీ పెద్ద అతిశయోక్తి కాదు. ఎందుకంత పెద్దదయిందయ్యా అంటే, లోపలి సర్క్యూటు బోర్డు ముందే పెద్దదిగా ఖాయమైపోయింది, దాని చుట్టూ డొల్ల తయారు చెయ్యక తప్పింది కాదు. చొక్కా కుట్టేసి మనిషిని వెతుక్కున్నట్టన్నమాట. ఆ డొల్లకు రూపమిచ్చే పని పడింది ఒక మహిళా డిజైనరు మీద! బోర్డు మార్చండి అనే వీలు ఆవిడకు లేదు. ఇంకొకళ్ళు ముందే నిర్ణయించేసినదాని చుట్టూ తనకు చేతనయినంత అందంగా అమర్చుకు రావడం. ఆవిడ ముఖం నేనెన్నడూ చూడలేదు గానీ, మనలో ఒకరే అనిపించింది.

మావాడు ఆ డ్యూక్ తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టాడు. అది రెండు చేతులా పట్టుకుంది. బొటనవేలు ఎంత చాచినా చివర బొత్తం అందలేదు. ఇటు నుంచి పట్టుకుంది, అటు నుంచి పట్టుకుంది, ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఆఖరికి కింద పెట్టేసి, వేళ్ళ వంక చూసుకుంటూ అంది: "నా చేతులే బాగాలేవమ్మా."

చూశారా! ఇది పెద్దదిగా వుంది అనలేదు. ఇది నాకు సరిపోలేదు అని కూడా అనలేదు. దాని చేతులు బాగాలేవట. ఎవరూ నేర్పలేదు ఈ మాట. పన్నెండేళ్ళకే ఎక్కడినుంచి వచ్చిందో! చెప్పుల షాపులోనూ, యూనిఫారం కొలతల దగ్గరా, బస్సులో అందని కమ్మీ దగ్గరా కొంచెం కొంచెంగా లోపలికి ఇంకిపోయి వుంటుంది. నాకు గుండెల్లో కలుక్కుమంది. వంటగట్టు ముందు పీట వేసుకుంటున్న నన్ను అది రోజూ చూస్తూనే వుంది కదా.

మావాడు వెంటనే ఇంకోటి తెచ్చాడు. అది చిన్నది. డ్యూక్ జపానువారి చేతులకు నప్పదని అక్కడికోసం విడిగా చేసినది. 2002లో వచ్చింది. తయారీలో వున్నప్పుడు దాని పేరు అకెబోనో. ఆ పేరుతో ఆ రోజుల్లో రెండు మీటర్ల పైబడిన సుమో వస్తాదు వుండేవాడట, చిన్నదానికి పెద్దవాడి పేరు, వెంకడికి వేంకటేశ్వరరావులా. తమాషా ఏమిటంటే చిన్నచేతుల కోసం చేసిన ఆ కంట్రోలరే కావాలని పెద్దచేతుల అమెరికావాళ్ళూ అడిగారు. తరువాత అక్కడా దాన్నే ఇవ్వడం మొదలుపెట్టారు. డ్యూక్‌ని ప్రేమించినవాళ్ళు లేకపోలేదు. నిజంగా పెద్ద చేతులున్నవాళ్ళకు అదొక్కటే సుఖంగా వుండేది. వారికోసం 2018లో ఒక కంపెనీ డ్యూక్‌ని మళ్ళీ తయారు చేసింది కూడా. వాళ్ళని నేను వేళాకోళం చెయ్యను. చెయ్యి పెద్దదైనంత మాత్రాన అది తప్పుడు చెయ్యి కాదు.

ఒకరికి సుఖమైతే ఇంకొకరికి కష్టం తప్పదు, అంచేత ఎవరో ఒకరు సర్దుకోవలసిందే అంటారు కదా, ఆ మాట ఎంతవరకు నిజమో ఇక్కడ తేలింది. 2020లో ఆ కంపెనీవాళ్ళే కొత్త కంట్రోలరు చేస్తూ ఎనిమిదేళ్ళ పిల్లల చేతికి కూడా అమరేలా వొంపులు సవరించి, కొంచెం చిన్నది చేశారు. అలా చేస్తే కోట్లమందికి కొత్తగా సుఖం అమరుతుందనీ, పెద్ద చేతులవాళ్ళకు ఇబ్బందేమీ రాలేదనీ వాళ్ళే ప్రకటించుకున్నారు. ఆ రెండో మాట మళ్ళీ చదవండి. పెద్దవాళ్ళు పోగొట్టుకున్నది ఏమీ లేదు! మరి ఇన్నేళ్ళూ ఎందుకు సర్దుకున్నట్టు? ఎవరూ చిన్న చెయ్యి తెచ్చి కొలవలేదు గనక.

కాలేజీలో నాతో బి.ఏ. చదివిన స్నేహితురాలు ఇప్పుడు వీణ పాఠాలు చెబుతోంది. ఇదంతా ఫోనులో వినిపిస్తే అది ఒక్క మాటతో నా నోరు మూయించింది. "ఎడంచేతి వేళ్ళు కాయలు కాయకుండా గమకం పలకదు. నీ లెక్కన వీణ కూడా తప్పుడు వస్తువేనా?" రెండు రోజులు తన్నుకున్నాను. నిజమే, సుఖమే పరమార్థమైతే నాట్యం, సంగీతం, ఆ మాటకొస్తే నవలలు రాయడం కూడా మానుకోవాలి. అప్పుడు నాకు తోచినదిది. వీణ దగ్గర వేలు నొచ్చే చోటే నాదం పుడుతుంది, ఆ రెండింటినీ విడదియ్యలేం. కంట్రోలరు అలా కాదు, ఆట అవతల టీవీలో వుంది, ఇది మధ్య గుమ్మం. కొండెక్కి దేవుణ్ణి చూడాలంటే ఎక్కుతాం, కాళ్ళు పీకినా అది మన భక్తి. ఎక్కి వెళ్ళాక గుడి తలుపు గడియ అందనంత ఎత్తున వుంటే అది ఎవరి భక్తీ కాదు, వడ్రంగి పొరపాటు. ఇది విని నా స్నేహితురాలు "మరి చిన్నపిల్లలకి చిన్న వీణలు చేయించుకునేవాళ్ళూ వున్నారులే" అని రాజీకొచ్చింది.

కావాలని పెట్టే కష్టమూ ఒకటుంది. 2020 ప్లేస్టేషన్ కంట్రోలరులో చూపుడువేళ్ళ కింది మీటలు ఆటను బట్టి బిగుసుకుంటాయి. బొమ్మ విల్లు ఎక్కుపెడితే మన వేలికి నారి బిగువు తెలుస్తుంది. బరువు రెండువందల ఎనభై గ్రాములు, పావుకిలో కందిపప్పుకన్నా ఓ గుప్పెడు ఎక్కువ. ఆ బిగువు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వేలు నొప్పి వున్నవాళ్ళకి అదే నరకం కావచ్చు కదా అంటే, తగ్గించుకోవడానికీ, అసలు ఆపేసుకోవడానికీ సెట్టింగుల్లో వీలుందన్నాడు మావాడు. వద్దనుకుంటే ఆపేసుకునే కష్టం! ఎన్ని కష్టాలకు అలాంటి సెట్టింగు వుందో చెప్పండి.

కింది మెట్టుమీద తెల్లగా టీవీ రిమోట్ లాంటిది ఒకటుంది, 2006 నాటి వీ. ఊరికే చేత్తో విసురుతున్నట్టు వూపితే చాలు, ఆట ఆడుతుంది. ఇన్ని బొత్తాలు చూసి బెదిరిపోయే పెద్దవాళ్ళూ, అమ్మలూ జంకకుండా పట్టుకోవాలనే దాన్ని రిమోట్‌లా చేశారట. ఆ యంత్రాలు పదికోట్ల పైన అమ్ముడుపోయాయి. వూపేవేగంలో చేతులు జారి టీవీలు పగిలితే, మణికట్టుకి కట్టుకునే తాడును ఇంకా గట్టిది చేశారు. అది కంపెనీ సర్దుకోవడం. వినడానికి ఎంత బాగుందో!

మావాడి కొలువులో లేనిది ఒకటుంది. దాని వీడియో మాత్రం చూపించాడు. 2018లో మైక్రోసాఫ్టువాళ్ళు వికలాంగుల కోసం చేసిన కంట్రోలరు. చేత్తో పట్టుకునేదే కాదు. బల్లమీదో ఒళ్ళోనో పెట్టుకునే తెల్లని పలక, మీద రెండు పెద్ద నల్లని గుండ్రటి బొత్తాలు, వెనక వరసగా పంతొమ్మిది రంధ్రాలు. ఎవరికి ఏ అంగం కదిలితే దానికి తగ్గ మీట తెచ్చి ఆ రంధ్రంలో గుచ్చుకోవచ్చు. మోచేత్తో నొక్కేవారు, గడ్డంతో నొక్కేవారు, కాలితో ఆడేవారు. ఇంతవరకు చూసిన కంట్రోలర్లన్నీ "మనిషి చెయ్యి ఇలా వుంటుంది" అని చెప్పాయి. ఇదొక్కటే "నీ చెయ్యి ఎలా వుంటుంది?" అని అడిగింది. అది వచ్చే అట్టపెట్టె కూడా ఆలోచించి చేశారు. వేళ్ళు సరిగా ఆడనివాళ్ళు ప్యాకెట్లు పళ్ళతో చింపుకోవలసి వస్తుందని గమనించి, పళ్ళ అవసరం రాకుండా పెద్ద పెద్ద ఉచ్చులు పెట్టారు, ఒక్క వేలో, మోచెయ్యో దూర్చి లాగితే తెరుచుకుంటుంది. నాకు కీళ్ళవాతంతో పాలపాకెట్టు పళ్ళతో కొరికే మా అత్తగారు కళ్ళముందు మెదిలారు. 2023లో సోనీవారూ ఇలాంటిదే ఒకటి తెచ్చారు, గుండ్రంగా పువ్వులా వుంటుంది.

మా అమ్మాయి వీడియో అంతా కన్నార్పకుండా చూసింది. చూసి, ఖరీదెంత అని అడిగింది. మైక్రోసాఫ్టుది వచ్చినప్పుడు వంద డాలర్లు, మామూలుదానికన్నా బాగా ఎక్కువ. పైగా ఆ రంధ్రాల్లో గుచ్చుకునే మీటలు దాంతో రావు, ఎవరికి కావలసినవి వారు విడిగా కొనుక్కోవాలి. ఎంత తక్కువ కదలగలిగితే అన్ని మీటలు.

"మరి వాళ్ళకెందుకమ్మా ఎక్కువ?" అంది.

ఎక్కువమంది కొనరు గనక ధర దిగదని మావాడు ఏదో లెక్క చెప్పబోయాడు. అది వాడి వంక చూడలేదు, నా వంకే చూస్తోంది. ఇంటికొచ్చి పది రోజులైంది. నిన్న రాత్రి నేను పీటెక్కి చపాతీలు కాలుస్తుంటే వచ్చి గట్టు పక్కన నిలబడి, మళ్ళీ అదే అడిగింది.